న్యాయవాదుల వ్యాస పోటీలకు బొగ్గుబావుల ప్రశ్నలు

గోదావరిఖని: వ్యాసరచన పోటీ అనగానే పాఠశాలలు, కళాశాలలే గుర్తుకు వస్తాయి. రాజ్యాంగ దినోత్సవమైన నవంబరు 26న న్యాయశాస్త్ర విద్యార్థులకు ఇలాంటి పోటీలు నిర్వహించడం పరిపాటి. నల్లకోటు వేసుకుని నిత్యం వాదనలు వినిపించే న్యాయవాదులకు మాత్రం వీటితో పనేమిటన్న ప్రశ్న ఉదయిస్తుంది. 29 కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన దరిమిలా, రామగుండం, గోదావరిఖని వంటి కార్మిక ప్రాంతాల్లో ఈ ప్రశ్నకు ప్రాధాన్యం పెరిగింది.

చట్టంలోనే పునాది

న్యాయవాదుల రచనా వ్యాసంగానికి చట్టంలోనే ఆధారం ఉంది. అడ్వకేట్ల చట్టం-1961లోని 6వ సెక్షన్ రాష్ట్ర బార్ కౌన్సిళ్ల విధులను వివరిస్తుంది. చట్ట సంస్కరణను ప్రోత్సహించడం, న్యాయపరమైన అంశాలపై సదస్సులు జరపడం, పత్రికలు, వ్యాసాలు ప్రచురించడం ఆ విధుల్లో ఉన్నాయి. అమెరికాలో ఎర్‌స్కిన్ రాస్ అనే న్యాయమూర్తి వీలునామాలో రాసిచ్చిన నిధితో అక్కడి బార్ అసోసియేషన్ ఏళ్ల తరబడి వ్యాస పోటీ నిర్వహించింది.

గడువు తెలియకుంటే ఉపాధికే ముప్పు

సింగరేణి ప్రాంతంలో వ్యాసానికి అంశం వెతుక్కోవలసిన పనిలేదు. విధులకు గైర్హాజరైన కారణంగా ఉద్యోగం కోల్పోయిన కార్మికుల వివాదాలు గోదావరిఖని కార్మిక న్యాయస్థానానికి కొత్త కాదు. పారిశ్రామిక వివాదాల చట్టం-1947 ప్రకారం తొలగింపునకు గురైన కార్మికుడు మూడేళ్లలోగా న్యాయస్థానాన్ని ఆశ్రయించే వీలుండేది. పారిశ్రామిక సంబంధాల కోడ్-2020 ప్రకారం వివాదం తలెత్తి రెండేళ్లు దాటితే రాజీ అధికారి దానిని చేపట్టరాదు. రాజీ కుదరని పక్షంలో అధికారి నివేదిక అందిన 90 రోజుల్లోగా ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవాలి. కార్మిక న్యాయస్థానాలకు బదులు ఇద్దరు సభ్యులతో కూడిన పారిశ్రామిక ట్రిబ్యునళ్లను ఈ కోడ్ నిర్దేశిస్తోంది.

పాత గడువునే నమ్ముకుని ఊరకుండిన కార్మికుడు తన హక్కును కోల్పోయే ప్రమాదం ఉంది. ఈ మార్పును విడమరచి చెప్పే వ్యాసం ఒక కుటుంబానికి జీవనాధారాన్ని తిరిగి ఇప్పించగలదు.

ఇరుపక్షాలనూ తూచాలి

వారసత్వ ఉద్యోగాల వివాదం మరో ఉదాహరణ. కార్మికుల పిల్లలకు ఉద్యోగాలు ఇవ్వాలని సింగరేణి యాజమాన్యం 2016లో నిర్ణయించింది. ఉద్యోగావకాశాల్లో అందరికీ సమానత్వం ఉండాలన్న రాజ్యాంగ సూత్రానికి అది విరుద్ధమంటూ 2017 మార్చిలో ఉమ్మడి హైకోర్టు కొట్టివేసింది. ఆ తీర్పులో జోక్యానికి సుప్రీంకోర్టు కూడా నిరాకరించింది. అనంతరం కారుణ్య నియామకాల విధానం ముందుకు వచ్చింది. బావిలో ఆరోగ్యం పోగొట్టుకున్న తండ్రి ఆశ ఒకవైపు, ఉద్యోగం కోసం ఎదురుచూసే ఇతర నిరుద్యోగి హక్కు మరోవైపు ఉన్నాయి. న్యాయస్థానంలో న్యాయవాది ఒక పక్షాన నిలబడి వాదిస్తారు. వ్యాసంలో మాత్రం రెండింటినీ తూచి చూడవలసి ఉంటుంది. వృత్తిలో నిమగ్నమైన వారికి పోటీ ఇచ్చే ప్రధాన శిక్షణ ఇదే.

పాటించవలసిన జాగ్రత్తలు

పోటీ నిష్పక్షపాతంగా సాగాలంటే వ్యాసాలపై పేర్లు లేకుండా సంకేత సంఖ్యలు మాత్రమే ఉండాలి. సీనియర్, జూనియర్ అన్న తేడా న్యాయనిర్ణేతలకు తెలియరాదు. న్యాయవాదులు తమ వృత్తికి ప్రచారం చేసుకోరాదని బార్ కౌన్సిల్ నిబంధనలు చెబుతున్నందున, తాము వాదిస్తున్న కేసులను వ్యాసాంశంగా తీసుకోకపోవడం శ్రేయస్కరం. ఉటంకించే ప్రతి తీర్పునూ మూలంతో సరిచూసుకోవాలి. కృత్రిమ మేధ కల్పించిన, ఎక్కడా లేని తీర్పులను కోర్టుకు సమర్పించినందుకు 2023లో న్యూయార్క్‌లో న్యాయవాదులపై 5,000 డాలర్ల జరిమానా పడిన సంగతి విదితమే.

తెలుగులో రాస్తేనే ప్రయోజనం

హైకోర్టు, సుప్రీంకోర్టు వ్యవహారాలకు రాజ్యాంగంలోని 348వ అధికరణం ఆంగ్లాన్ని నిర్దేశించింది. అయినప్పటికీ ఒక ఆస్తి వివాదంలో తెలంగాణ హైకోర్టు 2023 జూన్‌లో తెలుగులో తీర్పు వెలువరించి మార్గం చూపింది. వ్యాస రచనకు అలాంటి నిర్బంధమేదీ లేదు. బహుమతి పొందిన వ్యాసాలు బీరువాలకే పరిమితం కాకుండా, చిన్న పుస్తకాలుగా కార్మిక వాడలకు, గనుల వద్దకు చేరాలి. షిఫ్టు దిగి వచ్చిన కార్మికుడు దానిని చదివి తన గడువు ఎప్పటితో ముగుస్తుందో స్వయంగా లెక్కకట్టుకోగలిగిన నాడే ఇలాంటి పోటీలకు సార్థకత చేకూరుతుంది.