యూజ్‌నెట్: ఉచిత సర్వరును ఎంచుకొనుట ఎట్లు?

ఒక ఊరిలో వ్రాసిన ప్రకటనను పొరుగూరివారు నకలు తీసికొని తమ చావడిగోడకు అంటించి, మరొక ఊరికి పంపిరనుకొందము. కొలది దినములలో అది అన్ని ఊళ్లలోను కనబడును. యూజ్‌నెట్ పనిచేయునది ఇట్లే. ఇందు ఊళ్లకు బదులు సర్వర్లు అను కంప్యూటర్లు కలవు.

1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్‌లు దీనిని తలపెట్టిరి. 1980లో ఇది నడవనారంభించెను. ఇందలి చర్చలు విషయమును బట్టి గోష్ఠులుగా విభజింపబడియున్నవి. భౌతికశాస్త్రమునకు 'సై.ఫిజిక్స్' ఒక గోష్ఠి. 'సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు' అను గోష్ఠిలో 1990 దశకమున విదేశాంధ్రులు తెలుగును రోమను లిపిలో వ్రాసి చర్చించుకొనిరి.

ప్రతి లేఖకును ప్రత్యేకమైన గుర్తు ఒకటి ఉండును. ఆ గుర్తు గల లేఖ ముందే చేరియున్నచో సర్వరు రెండవ నకలును స్వీకరింపదు. కావుననే ఒకే లేఖ పదేపదే తిరుగాడదు. యూజ్‌నెట్‌కు యజమాని లేడు. మనము ఏమి చదువగలమో మనము చేరిన సర్వరే నిర్ణయించును.

కావున ఎంచుకొనునపుడు నాలుగు విషయములు చూడవలెను. మొదటిది, మనకు కావలసిన గోష్ఠులు అందున్నవా? రెండవది, పాత లేఖలను ఎంతకాలము నిలిపియుంచును? మూడవది, చదువుటయే గాక వ్రాయుటకును అనుమతి కలదా? నాలుగవది, పేరు నమోదు కోరునా? నమోదు చిన్న శ్రమయే; కాని దానివలన చెత్త ప్రకటనలు గుప్పించువారిని అరికట్టుట సులభమగును. రహస్యపదము దొంగిలింపబడకుండ, గుప్తలిపిలో సంభాషించు 563వ పోర్టు ఉన్నచో మరియు మంచిది.

ఉచితముగా ఇచ్చుట ఎట్లు సాధ్యము? లేఖ ఒకటి మూడు కిలోబైట్లనుకొన్నచో, వేయి లేఖలు మూడు మెగాబైట్లే. అది ఒక ఫోటో పరిమాణము. కనుకనే 'ఎటర్నల్ సెప్టెంబర్' వంటి సర్వర్లు చిత్రములను, చలనచిత్రములను విడిచి, నమోదు చేసికొన్నవారికి లేఖలను మాత్రము ఉచితముగా అందించుచున్నవి. చదువుటకు 'థండర్‌బర్డ్' వంటి సాధనము చాలును.

2024 ఫిబ్రవరిలో గూగుల్ గ్రూప్స్ యూజ్‌నెట్‌కు క్రొత్త లేఖలు పంపుట మానివేసెను. ఐనను గోష్ఠులు ఆగలేదు. ఇతర సర్వర్ల ద్వారా సాగుచునే యున్నవి. ఒక ద్వారము మూసినను వేరొక ద్వారము ఉండుటయే ఈ ఏర్పాటులోని బలము.

ఈ బలమే ఒక హెచ్చరికయు అగుచున్నది. ఒకమారు వెలువడిన లేఖ ఎన్నో సర్వర్లకు చేరును. ఉపసంహరించుకొన్నామన్నను అన్నియు దానిని తొలగింపవు. కావున విద్యార్థులు మొదట 'ఆల్ట్.టెస్ట్' అను పరీక్షాగోష్ఠిలో వ్రాసి అలవాటు చేసికొనవలెను. ఇంటి చిరునామా, ఫోను సంఖ్య మాత్రము ఎచ్చటను వ్రాయరాదు.