పాత కారు రేడియో మళ్లీ పలకాలంటే..
* స్విచ్ వేసే ముందే ‘ఎర్త్’ చూడాలి * డయలే కాలం చెబుతుంది

పామర్రు: విజయవాడ-మచిలీపట్నం, గుడివాడ-చల్లపల్లి రహదారులు కలిసే పామర్రు కూడలి మీదుగా ఒకప్పుడు అంబాసిడర్, ఫియట్ కార్లే ఎక్కువగా తిరిగేవి. వాటిలో కొన్నింటికి డాష్‌బోర్డులో రేడియో ఉండేది. అంబాసిడర్ తయారీ 2014లో నిలిచిపోయింది. షెడ్లలో మిగిలిన కార్లకు రంగు, సీట్లు బాగుచేయించే యజమానులు రేడియోను మాత్రం చివరికి వదిలేస్తుంటారు. తీరా బ్యాటరీకి నేరుగా కలిపి స్విచ్ వేస్తే, కొద్దిపాటి మరమ్మతుతో పలకాల్సిన సెట్టు క్షణంలో కాలిపోయే ప్రమాదం ఉంది.

ఏ కాలం నాటిది?

ముందున్న పేరును మాత్రమే నమ్మరాదు. నాబ్‌లు, ముందు పలక మారి ఉండవచ్చు. సెట్టును బయటకు తీసి, పెట్టెపై ఉండే మోడల్ నంబరు, వోల్టేజీ వివరాలు చూడాలి. అవి చెరిగిపోతే లోపలి భాగాలే ఆధారం. గాజు వాల్వులు, 12 వోల్టులను 200 వోల్టుల దాకా పెంచేందుకు తోడ్పడే వైబ్రేటర్ ఉంటే అది తొలితరం సెట్టు. వాల్వులు వేడెక్కిన తరువాతే అది పలుకుతుంది. ట్రాన్సిస్టర్ సెట్టు వెంటనే పలుకుతుంది. పూర్తి ట్రాన్సిస్టర్ కారు రేడియో అమెరికాలో 1955లో వచ్చింది.

డయల్‌పై మీటర్లు గానీ, కిలోసైకిల్స్ గానీ ఉంటే సెట్టు పాతదని అర్థం. కిలోసైకిల్‌కే తరువాత కిలోహెర్ట్జ్ అని పేరు వచ్చింది. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం అనగానే శ్రోతలకు గుర్తొచ్చే మీడియం వేవ్ సంఖ్య 837. మీటర్ల డయల్‌పై అది 358 వద్ద ఉంటుంది.

అసలు చిక్కు ఇక్కడే

నేటి కార్లలో బ్యాటరీ నెగెటివ్‌ను బాడీకి కలుపుతారు. పాత బ్రిటిష్ కార్లలో చాలావాటికి పాజిటివ్‌ను కలిపేవారు. అంబాసిడర్‌కు మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆ కోవలోనిదే. పైగా మధ్యలో ఎవరైనా వైరింగ్ మార్చి ఉండవచ్చు. కాబట్టి కారుకు, రేడియోకు విడివిడిగా ఎర్త్ సరిచూసుకోవాలి. తలకిందులుగా కలిపితే నాటి జెర్మేనియం ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. మళ్లీ అవి దొరకడం కష్టం.

మరమ్మతు ఇలా..

* ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లను అదే విలువ, అంతకు తగ్గని వోల్టేజీ ఉన్నవాటితో మార్చాలి.

* డెల్టా తేమకు తుప్పుపట్టిన స్విచ్, వాల్యూమ్ కంట్రోల్‌లను కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేయాలి.

* స్పీకర్ కలపకుండా స్విచ్ వేయరాదు. కొత్త స్పీకర్‌కు పాతదాని ఓమ్‌లే ఉండాలి.

* ట్రాన్సిస్టర్ సెట్టుకు తొలిసారి 12 వోల్టుల కారు బల్బును సిరీస్‌లో కలిపి కరెంటు ఇవ్వాలి. బల్బు పూర్తి కాంతితో వెలిగితే లోపల షార్టు ఉన్నట్లే.

* కారులో బిగించాక 1,400 కిలోహెర్ట్జ్ సమీపంలో బలహీనంగా వినిపించే స్టేషన్‌ను పట్టి, ఏరియల్ ట్రిమ్మర్‌ను సరిచేయాలి. ఇంజిన్‌తో పాటు గరగర పెరుగుతుంటే డైనమో, ఇగ్నిషన్ కాయిల్ వద్ద సప్రెసర్ కెపాసిటర్లు చూడాలి.

వాల్వు సెట్టులోని 200 వోల్టులు ప్రాణాంతకం కాగలవు. ఆ పని అనుభవజ్ఞుడైన రేడియో మెకానిక్‌కే అప్పగించాలి. కొత్త స్టీరియో కోసం డాష్‌బోర్డును కోయించడం మాత్రం తగదు. స్టీరియోను సీటు కింద అమర్చుకోవచ్చు గానీ, కోసిన రేకును మళ్లీ అతికించినా పూర్వరూపం రాదు.