నవలలు చదివి నవలాకర్త్రి యైన జేన్ ఆస్టెన్

ప్రేమకథలు చదివినచో పిల్లల మతి చెడునని పెద్దలు భయపడుట నేటి వింత కాదు. నవల పుట్టిననాడే ఆ భయమును పుట్టినది. ఆ భయమున కొంత నిజము కలదని ఒప్పుకొనుచునే, నవలాపఠనమునకు సిగ్గుపడ నక్కరలేదని వాదించిన ఆంగ్ల రచయిత్రి జేన్ ఆస్టెన్. ప్రేమకథలు వ్రాయగోరువారు ప్రేమకథలను ఎట్లు చదువవలెనో తెలిసికొనుటకు ఆమె జీవితమును మించిన పాఠము లేదు.

ఆమె 1775 లో హాంప్‌షైర్ ప్రాంతమందలి స్టీవెంటన్ గ్రామమున జన్మించినది. తండ్రి ఆ గ్రామమున మతాచార్యుడు. ఇంటనే కొందరు బాలురకు విద్య గరపుచుండెడివాడు. 1801 లో ఆ కుటుంబము ఊరు విడుచునాటికి వారి ఇంట 500 లకు పైగా పుస్తకము లుండెను. ఆ కాలమున నవలల వెల సామాన్యులకు అందుబాటులో లేదు. చందా కట్టి, గ్రంథాలయమునుండి తెచ్చుకొని చదువుటయే చాలమందికి గతి. 1798 లో ఒకామె అట్టి గ్రంథాలయమును నెలకొల్పబోవుచు, తనయొద్ద నవలలు మాత్రమే కాక సమస్త వాఙ్మయమును లభించునని ఆస్టెన్ కుటుంబమునకు వర్తమాన మంపినది. నవలలు చదువుట పరువు తక్కువ యని లోకము తలచిన దినములవి. జేన్ మాత్రము తమ ఇంటివారందరును నవలాప్రియులే యనియు, అందులకు సిగ్గుపడువారు కారనియు అక్కగారికి వ్రాసిన లేఖలో పరిహాసముగా తెలిపినది.

ఆమె చదువు పైపై చదువు కాదు. రిచర్డ్‌సన్ 7 సంపుటములుగా రచించిన ‘సర్ చార్లెస్ గ్రాండిసన్’ నవలలో ఎవరెచ్చట ఏమనిరో, ఎవరి పెండ్లి ఏనాడు జరిగెనో, ఆ పాత్రలు తన స్నేహితులే యైనట్లు ఆమె జ్ఞాపకముంచుకొనెడిదని ఆమె మేనల్లుడు తాను రచించిన జీవితచరిత్రలో వ్రాసియున్నాడు. 1796 లో ఫానీ బర్నీ నవల ‘కెమిలా’ వెలువడినపుడు, ముందుగా చందా చెల్లించినవారి పట్టికలో స్టీవెంటన్ వాసిని జేన్ ఆస్టెన్ పేరు అచ్చయినది. అప్పటికామెకు 20 ఏండ్లు. తరువాతి కాలమున, ఆమె జీవించియుండగా ప్రకటితములైన 4 నవలలలో దేనిపైనను రచయిత్రిగా ఆమె పేరు అచ్చు కాలేదు. పాఠకురాలిగా పేరు దాచుకొనని ఆమె రచయిత్రిగా మరుగుననే యుండిపోయినది.

ఇంతగా ప్రేమించి చదివినదే గాని, చదివినదెల్ల నమ్మలేదు. 1790 లో, 14 వ ఏట, ఇంటివారి వినోదమునకై ‘లవ్ అండ్ ఫ్రెండ్‌షిప్’ అను చిన్న కథను వ్రాసినది. ఆనాటి నవలలలో కథానాయికలు మాటిమాటికి మూర్ఛిల్లుట పరిపాటి. ఈ కథలోను ఇరువురు చెలులు దుఃఖవార్త విని ఒడలెరుగరు. మంచు కురియుచుండగా ఆరుబయట మూర్ఛిల్లిన చెలికి చలి సోకి, క్షయగా మారి, ప్రాణము తీయును. పిచ్చిగా కేకలు వేయుచుండిన రెండవ చెలికి ఆ శ్రమవలన రక్తము వేడెక్కి ఏ హానియు కలుగదు! ఇది కేవలము వెక్కిరింత కాదు. నవలలోని మనిషి నిజమైన మనిషియే యైనచో ఏమగును అను ప్రశ్న ఇందు గలదు. ఆ బాలిక కడవరకు ఆ ప్రశ్నను విడువలేదు.

‘నార్తాంగర్ ఆబీ’ అను నవలను ఆమె 1798, 1799 సంవత్సరములలో వ్రాసినది. అందలి నాయిక కాథరిన్ మోర్లండ్ 17 ఏండ్ల బాలిక. ఆన్ రాడ్‌క్లిఫ్ రచించిన ‘ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో’ చదివి, పాడుపడిన కోటలను, నల్లని తెరల వెనుక దాగిన రహస్యములను కలవరించుచుండును. తన మనసు దోచిన హెన్రీ టిల్నీ ఇంటికి అతిథిగా పోయి, తుపాను రేగిన రాత్రి ఒక పాత బీరువాలో కాగితముల చుట్ట నొకదానిని చూచి వణకిపోవును. తెల్లవారి విప్పి చూడగా అవి చాకలి పద్దులు. అంతటితో బుద్ధి రాక, హెన్రీ తండ్రియైన జనరల్ టిల్నీ తన భార్యను చంపియుండునని ఊహించి, హెన్రీచే మందలింపబడి సిగ్గున కుమిలిపోవును. చదవేస్తే ఉన్న మతి పోయిన దను సామెత ఇట్టివారి విషయమున పుట్టినదే కాబోలు.

కథ ఇచ్చట ముగిసినచో అది ఒక పరిహాసము మాత్రమే యగును. కాని జనరల్ టిల్నీ నిజముగనే కఠినుడు. కాథరిన్ ధనవంతురాలని ఎవరో చెప్పగా నమ్మి ఆదరించిన అతడు, ఆ మాట కల్ల యని తెలియగనే ఒక పరిచారిక నైనను తోడీయక ఆమెను ఇల్లు వెడలగొట్టును. ఆ బాలిక 11 గంటల ప్రయాణము ఒంటరిగా చేయవలసివచ్చును. రాడ్‌క్లిఫ్ కోటలో నుంచిన భయమును ఆస్టెన్ పెద్దమనుష్యుల భోజనపు బల్లయొద్దకు తెచ్చినది. ప్రేమకు అడ్డుతగులు భూతము ధనాశ యని ఆమె చూపినది. భయము పాతదే, దాని నివాసము క్రొత్తది. చదివిన నవలకు బానిస కాకయు, దానిని పారవేయకయు వ్రాయుట యనగా ఇదియే. ఈ నవలలోనే ఆమె ఒకచోట కథను నిలిపి, తాము నవలలు వ్రాయుచు ఇతర నవలలను నిందించువారిని నిశితముగా విమర్శించి, ‘సెసీలియా’, ‘కెమిలా’ వంటి నవలలను మెచ్చుకొన్నది.

ఇట్టి గ్రంథమునకు పట్టిన గతి విచారకరము. 1803 లో ఒక ప్రకాశకుడు దానిని 10 పౌనులకు కొని, అచ్చు వేయక మూలపడవైచెను. 1816 లో ఆమె అన్న హెన్రీ అంతే సొమ్ము చెల్లించి వ్రాతప్రతిని తిరిగి తెచ్చెను. 1817 జూలైలో 41 వ ఏట ఆమె మరణించినది. ఆ సంవత్సరము డిసెంబరులో నవల వెలువడినది. నవలలను సమర్థించిన తన మాటలను ఆమె అచ్చులో చూచుకొనలేదు.

1814 లో ఆన్నా యను మేనకోడలు తాను వ్రాయుచున్న నవలను ఆమెకు పంపగా, ఆమె ఓపికగా చదివి లేఖలలో దిద్దినది. పాత్రలు ఐర్లండు పోయినను పోనిమ్ము, అచ్చటి ఆచారములు నీకు తెలియవు గనుక నీవు వారి వెంట పోవలదని హెచ్చరించినది. ఒకచోట నవలలలో నలిగి అరిగిపోయిన పదబంధము కనబడగా దానిని తీసివేయుమన్నది. ఏ మాట అరిగిపోయినదో తెలియుటకు నవలలు పెక్కు చదివియుండవలెను. ఏ దేశము తనకు తెలియదో గుర్తించుటకు తన ఊరిని బాగుగ చూచియుండవలెను. ఈ రెండును ఆమెకు కలవు.

విద్యార్థి చేత ప్రేమనవల కనబడినపుడు దానిని లాగికొనుట ఉపాధ్యాయునకు సులభము. అంతకంటె కష్టమైనదియు, మేలైనదియు మరియొకటి కలదు: ఇందు నీకు నచ్చినదేమి, నీవు చూచిన మనుష్యులు ఇట్లు మాటలాడుదురా, ఈ దుఃఖము నీ వీధిలోనైనచో ఎట్లుండును అని అడుగుట. ఆ ప్రశ్నలకు తడుముకొనుచు సమాధానము చెప్పు విద్యార్థులలో కొందరు కథలు వ్రాయుదురు. వ్రాయనివారు సైతము చాకలి పద్దును చూచి రహస్యపత్రమని భ్రమపడరు.