దిష్టి కాదు - థైరాయిడ్!

సెలవులకు కొల్లేటి లంకలకో, తాడేపల్లిగూడేనికో వెళ్ళినప్పుడు ఇంట్లోవాళ్ళ కళ్ళు గమనించండి. గుడ్లు ముందుకు పొడుచుకొచ్చి, పై రెప్పలు లాక్కుపోయి, కళ్ళు ఎర్రబడి, ఒకటి రెండుగా కనిపిస్తుంటే అది దిష్టి కాదు, థైరాయిడ్ కంటిజబ్బు కావచ్చు. మన రోగనిరోధక శక్తే పొరపాటున కంటి వెనుక ఉన్న కండరాలమీద, కొవ్వుమీద దాడిచేస్తుంది. అవి వాచి గుడ్డును ముందుకు నెడతాయి. ఇది ఆడవాళ్ళలో ఎక్కువ.

ఏలూరు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళి చూపించండి. టి.3, టి.4, టి.ఎస్.హెచ్. రక్తపరీక్షలు చేస్తారు. అవి బాగున్నా కంటి డాక్టరును కలవాలి. థైరాయిడ్‌ను అదుపులో పెట్టడం, పొగ మానడం మొదటి వైద్యం. కళ్ళు ఆరిపోకుండా చుక్కలమందు, వాపు ముదిరితే స్టెరాయిడ్లు, జబ్బు నిలకడపడ్డాక అవసరమైతే ఆపరేషన్. రంగులు వెలిసినట్లున్నా, చూపు మందగించినా ఆ రోజే వెళ్ళాలి. కంటి నరం నొక్కుకుపోతే చూపే పోతుంది.

నాయనమ్మ చేత చుట్ట మాన్పించే పని మాత్రం మనదే!