జపాను పాత కారుకు ఇంటి వైద్యం
వేగం సంగతి తరువాత. ముందు తుప్పు, బ్రేకు, కాగితం

నాగల్‌గిద్ద: మన పల్లెల్లో పాడైన బండిని ఎవరూ వెంటనే తుక్కుకు వేయరు. వేపచెట్టు కింద నిలబెడతారు. దాని మీద కోళ్లు ఎక్కుతాయి, సీటు కింద పిల్లి ఈనుతుంది. "ఎప్పుడైనా బాగు చేయిద్దాంలే" అంటాడు ఇంటి పెద్ద. ఆ "ఎప్పుడైనా" వచ్చేలోగా నేల తేమ అడుగు రేకును తినేస్తుంది. చివరికి పాత ఇనుప సామాన్లవాడు వచ్చి కిలోల లెక్కన తూచుకుపోతాడు.

అలాంటి బండినే ఇంటి వాకిట్లో సొంత చేతులతో విప్పి, మళ్లీ బిగించి పరుగెత్తించేవారు ప్రపంచమంతటా ఉన్నారు. జపానులో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఎందరికో ఇది సెలవు రోజుల వ్యాపకం. వారు ముచ్చటపడే బండ్లలో 1970, 80 దశకాల జపాను స్పోర్ట్సు కార్లకు పెద్దపీట. రెండు సీట్లు, పొడుగాటి ముక్కు, నేలకు ఆనినట్టుండే ఎత్తు - ఇదీ వాటి వాలకం. "మన బాటలకు అవేం పనికొస్తాయి?" అని నవ్వనక్కరలేదు. ఆ పనిలో మన కుర్రవాళ్లు నేర్వవలసింది చాలా ఉంది.

జపాను మనకు కొత్త కాదు

జపాను బండి అంటే మన ప్రాంతానికి పరాయిది కాదు. రిఫ్రిజిరేటర్లు, బస్సు బాడీలు, గడియారాలు తయారు చేసిన హైదరాబాదు ఆల్విన్ సంస్థ 1980 దశకంలో జపానులోని నిస్సాన్ కంపెనీతో చేయి కలిపింది. అప్పటి మెదక్ జిల్లాలో, ఇప్పటి మన సంగారెడ్డి జిల్లాలో ఉన్న జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ పేరుతో తేలికపాటి ట్రక్కులు తయారయ్యాయి. తరువాత దానిని మహీంద్రా కంపెనీ తీసుకుంది.

ఆ దశకమంతా అదే జోరు. 1983 డిసెంబరులో సుజుకి సాయంతో మారుతి 800 వచ్చింది. 1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చాయి. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయినా దాని చప్పుడు వింటే ఇప్పటికీ తల తిప్పి చూడనివారు అరుదు.

జహీరాబాద్‌కు ట్రక్కుల విద్య ఇచ్చిన నిస్సాన్ కంపెనీయే అంతకు ముందు, 1969లో, డాట్సన్ 240జెడ్ అనే స్పోర్ట్సు కారును లోకానికి చూపించింది. ఆరు సిలిండర్ల ఇంజను, 2,400 సీసీకి కొంచెం తక్కువ. రెండు కార్బురేటర్లు, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనుక డ్రమ్ము బ్రేకులు. అమెరికాలో ధర సుమారు 3,500 డాలర్లు. యూరపు కార్ల సొగసు అందులో సగం ధరకే దొరికినట్టుందని జనం ఎగబడ్డారు.

అది సోకుల బండి మాత్రమే కాదు. తూర్పు ఆఫ్రికాలో దుమ్ములోనూ బురదలోనూ వేల కిలోమీటర్లు సాగే సఫారీ ర్యాలీని 1971లోనూ 1973లోనూ గెలిచింది ఈ కారే. 1973లో దాన్ని నడిపి గెలిచినవాడు శేఖర్ మెహతా. ఆఫ్రికాలో స్థిరపడిన భారతీయ కుటుంబంలో పుట్టినవాడు. తరువాత మరో నాలుగు సార్లు ఆ ర్యాలీ గెలిచాడు. వానాకాలంలో మన రేగడి బాట ఎలా ఉంటుందో తెలిసినవారికి ఆ గెలుపు విలువ వేరే చెప్పనక్కరలేదు.

అందుకే ఈ కార్లను పారేయడానికి మనసొప్పదు. 1990 దశకం చివర అమెరికాలోని నిస్సాన్ సంస్థే పాత 240జెడ్ కార్లను కొని, కొత్తవాటిలా చేసి అమ్మింది. జపానులో మాజ్డా కంపెనీ తన మొదటి తరం రోడ్‌స్టర్ కార్లను బాగుచేసి ఇచ్చే ఏర్పాటును 2017లో ప్రకటించింది. అయినా ఈ పని ఎక్కువగా జరిగేది ఇళ్ల దగ్గర, షెడ్లలోనే.

ముందు రేకు చూడాలి

కొత్తగా ఈ పనికి దిగినవారు మొదట ఇంజను మూత ఎత్తుతారు. అనుభవమున్నవారు మొదట నేల మీద పడుకుని బండి అడుగు చూస్తారు. ఇంజను చెడితే బాగుచేయవచ్చు, మరొకటి తేవచ్చు. రేకు కుళ్లితే బండి మొత్తం పోయినట్టే.

జీపుకు, ట్రాక్టరు ట్రాలీకి అడుగున బలమైన చట్రం ఉంటుంది. ఇలాంటి కార్లకు వేరుగా చట్రం ఉండదు. బాడీయే చట్రం. అడుగు రేకు, తలుపుల కింది పట్టెలు తుప్పు పట్టాయంటే ఇంటికి దూలం పుచ్చినట్టు. పైన ఎంత మెరిసే రంగు వేసినా లాభం లేదు.

పరీక్ష కష్టమేమీ కాదు. చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి రేకు మీద జరపాలి. అది పట్టు వదిలిన చోట రంగు కింద ఉన్నది ఇనుము కాదు, పుట్టీ. బ్యాటరీ పెట్టే పళ్లెం చుట్టూ ఆసిడ్ కారి ఉంటుంది. చక్రాల పైభాగాల్లో బురద నిలిచి ఉంటుంది. ఆ చోట్ల స్క్రూడ్రైవరు మొనతో నొక్కితే నిజం బయటపడుతుంది.

తుప్పు పట్టిన రేకు మీద పుట్టీ పూయడం పుండు మీద పౌడరు చల్లడం వంటిది. గట్టి ఇనుము తగిలే దాకా కోసి, అదే మందం రేకు పెట్టి వెల్డింగు చేయాలి. కోసే ముందు తలుపు సందులు కొలిచి రాసుకోవాలి. బాడీకి లోపల ఆధారాలు బిగించాలి. రెండు పక్కలా ఒకేసారి కోస్తే బాడీ వంకర తిరిగి, తరువాత తలుపే పడదు. పెట్రోలు టాంకు దగ్గర నిప్పు పని ముట్టుకోరాదు. ఖాళీ టాంకులోనూ ఆవిరి ఉంటుంది, అది పేలుతుంది. వట్టి జాకీ మీద, ఇటుకల మీద నిలిపిన బండి కిందికి దూరరాదు. గట్టి స్టాండ్లు పెట్టాకే దూరాలి.

డబ్బా, చీటీ, ఓపిక

విప్పడం ఒక రోజు పని, బిగించడం ఒక ఏడాది పని. విప్పిన ప్రతి బోల్టునూ డబ్బాలో వేసి, ఎక్కడిదో చీటీ రాసి పెట్టాలి. ప్రతి వైరు కొసకు అంకె కట్టాలి. ఇప్పుడు చేతిలో సెల్‌ఫోను ఉంది, విప్పే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసుకుంటే ఆరు నెలల తరువాత అవే గురువులు.

ఏళ్ల తరబడి ఆగిన ఇంజనుకు వెంటనే తాళం తిప్పరాదు. ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండరులో కొంచెం ఆయిలు పోసి, ఒక రోజు నాననిచ్చి, చేత్తో తిప్పి చూడాలి. కదిలితే సగం గండం గడిచినట్టు. తరువాత కంప్రెషన్ చూడాలి. సిలిండర్లన్నీ ఇంచుమించు ఒకే లెక్క చూపిస్తే మంచిది. ఒకటి బాగా తగ్గితే వాల్వు దగ్గరో రింగుల దగ్గరో లోపం ఉన్నట్టు.

పాత పెట్రోలు పారబోసి టాంకు కడగాలి. రబ్బరు గొట్టాలన్నీ మార్చాలి. ఈ రోజుల్లో బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. పాత కాలపు రబ్బరుకు అది సరిపడదు. గొట్టం మెత్తబడి కారితే వేడి ఇంజను మీద నిప్పంటుకోవచ్చు. వైర్లు పగిలి ఉంటే టేపు చుట్టి సరిపెట్టకుండా మార్చి, ఫ్యూజులు సరైనవి వేయాలి.

బ్రేకుల విషయంలో లోభం పనికిరాదు. రబ్బరు వాషర్లు, గొట్టాలు, బ్రేకు ఆయిలు అన్నీ కొత్తవే పడాలి. రంగు అన్నిటికంటే ఆఖరు పని. చాలామంది మొదట రంగు వేయించి, తరువాత డబ్బు చాలక బండిని మళ్లీ చెట్టు కిందికి చేరుస్తారు.

బాగుచేయడం వేరు, మార్చడం వేరు

బండి నడవడం మొదలయ్యాక కొత్త కోరిక పుడుతుంది. ఇంకొంచెం వేగం కావాలి, ఇంకొంచెం చప్పుడు కావాలి. ఇక్కడే తెలివి అవసరం.

మేలు చేసే మార్పులు ఉన్నాయి. పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెడితే బండి సులువుగా స్టార్టవుతుంది. మంచి రేడియేటరు వేస్తే ఎండాకాలంలో ఇంజను ఉడకదు. మంచి బ్రేకు ప్యాడ్లు, గట్టి సీటు బెల్టులు ప్రాణానికి రక్ష.

కీడు చేసేవీ ఉన్నాయి. పాత బ్రేకులు ఉంచి పెద్ద ఇంజను ఎక్కించడం వాటిలో మొదటిది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండిని 80కి పెంచితే, ఆపడానికి బ్రేకు మింగవలసిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు. బ్రేకు నొక్కాక బండి ఆగే దూరమూ దాదాపు అంతే పెరుగుతుంది. అంత దూరంలో ఒక బర్రె రోడ్డు దాటుతూ ఉంటుంది, లేదా బడి నుంచి వచ్చే పిల్ల ఉంటుంది. స్ప్రింగులు కోసి బండి ఎత్తు తగ్గించడమూ అంతే. మన గతుకుల్లో అడుగు తగులుతుంది, చక్రం పట్టు తప్పుతుంది.

కారు లేని కుర్రవాళ్లకూ ఇది వర్తిస్తుంది. ఆర్‌ఎక్స్ 100 సైలెన్సరు కోసి "బండి పికప్ పెరిగింది" అనుకునేవారు ఉన్నారు. పెరిగేది చప్పుడే. అది టూస్ట్రోక్ ఇంజను. దాని సైలెన్సరు పొట్ట ఆకారం ఊరికే పెట్టింది కాదు. బయటికి జారిపోయే కొత్త పెట్రోలు గాలిని ఆ ఆకారం నుంచి వచ్చే అల మళ్లీ సిలిండరులోకి నెడుతుంది. ఆ పొట్ట తీసేస్తే ఇంజను లాగే బలం తగ్గుతుంది, పెట్రోలు వృథా అవుతుంది. ఊరి నిద్ర చెడటం అదనం.

వింత బండ్లు చేయాలనే సరదాకు చోటు లేదని కాదు. 2005లో ప్రపంచంలోనే పెద్ద మూడు చక్రాల సైకిలు చేసి గిన్నిస్ రికార్డు కెక్కిన సుధాకర్, హైదరాబాదు బహదూర్‌పురాలో 2010లో కార్ల మ్యూజియం తెరిచారు. బూటు ఆకారం, క్రికెట్ బంతి ఆకారం - ఇలా ఎన్నో కార్లను చేత్తో చేసి అక్కడ పెట్టారు. కాని అవి చూసి మెచ్చుకోవడానికి. నలుగురూ నడిచే రోడ్డు సంగతి వేరు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. ఇంజను మార్చాలంటే ముందుగా రవాణా శాఖ అనుమతి పొందాలి. ఈ నియమాన్ని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పుకు యజమానికి 6 నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ ఈ మార్పులనే చూపి పేచీ పెట్టవచ్చు.

సొంత బండి రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆ తరువాత తనిఖీ చేయించి, అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. బండి వయసుతో రుసుమూ పెరుగుతుంది. కనుక పాత బండి కొనే ముందు చాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్సీతో సరిపోల్చి చూడాలి. నంబరు కలవకపోతే ఎంత చవకైనా వద్దనుకోవడమే మేలు. కాగితం లేని బండికి పెట్టిన ఖర్చు బావిలో పోసినట్టే.

50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్రం వేరే నియమాలు తెచ్చింది. వాటిని వింటేజ్ వాహనాలుగా నమోదు చేస్తారు. కొత్తగా నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. నంబరు పలకపై వీఏ అనే అక్షరాలు ఉంటాయి. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతు వంటి పనులకే రోడ్డెక్కాలి. రోజువారీ తిరుగుడుకు కాదు. ఇందులో ముఖ్యమైన మెలిక ఒకటుంది. బండి అసలు రూపంలోనే ఉండాలి. చట్రమో బాడీయో ఇంజనో పెద్దగా మార్చి ఉంటే ఆ గౌరవం దక్కదు. 1973 నాటి 240జెడ్‌కు వయసు సరిపోయినా, దాని ముక్కు కోసి మరో ఇంజను దూర్చితే వింటేజ్ కాదు. అందుకే జాగ్రత్తపరులు మార్చిన ప్రతి భాగం తాలూకు అసలు సామానును గోనెసంచిలో కట్టి అటక మీద దాస్తారు.

చెట్టు కింది బండి

240జెడ్ కారు మన ఊరికి రాకపోవచ్చు. కాని ఆ విద్య రావచ్చు. ట్రాక్టరు క్లచ్చు విప్పే చేతికి, పంపుసెట్టు మోటారు బిగించే చేతికి ఈ పని కొత్త కాదు. కావలసినవి వరుస తప్పని ఓపిక, చీటీలు రాసే అలవాటు, డబ్బు లెక్క. బాగుచేయడానికి అయ్యే ఖర్చు బండి అమ్మకపు ధరను దాటిపోవడం మామూలే. అందుచేత అప్పు చేసి ఈ సరదాకు దిగరాదు. తాతదో తండ్రిదో బండి చెట్టు కింద ఉంటే దానితోనే మొదలు పెట్టవచ్చు. ఈ వారం ఒక పని చేస్తే చాలు: కోళ్లను దింపి, పట్టా కప్పి, చక్రాల కింద రాళ్లు పెట్టి బండిని నేల తేమకు దూరం చేయాలి. వచ్చే వారం ఆర్సీ వెతకాలి. ఆ తరువాత బ్రేకులు విప్పాలి.

బండి ఎంత వేగంగా పోతుందని కుర్రవాళ్లు అడుగుతారు. ఎంత దూరంలో ఆగుతుందని అడిగేవాడే మంచి మెకానిక్కు.