పిల్లలతో పట్నం వెళుతున్నారా? అవ్వనూ వెంట తీసుకెళ్లండి

మన నల్లగొండ జిల్లా పల్లెల నుంచి హైదరాబాదు వెళ్లే కుటుంబాలకు అక్కడ ఉండే పనులు మూడే. ఆస్పత్రి, పెళ్లి బట్టలు, చుట్టాల ఇల్లు. పని ముగిశాక చార్మినార్ ముందు ఒక ఫొటో, పిల్లలు మారాం చేస్తే ఒక సినిమా. ఒక పూట చేతిలో మిగిలితే ఎక్కడికి వెళ్లాలో చెప్పేవారు తక్కువ. ఇక ముసలివారినైతే "నడవలేవు, నీకెందుకు" అని ఊళ్లోనే వదిలేస్తాం. అది పొరపాటని ఈ విలేఖరికి ఇటీవల ఒక ఆదివారం తెలిసివచ్చింది.

మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో దిగినవారికి సాలార్‌జంగ్ మ్యూజియం ఎక్కువ దూరం కాదు. మూసీకి దక్షిణపు ఒడ్డున ఉంది. నిజాం కొలువులో దివానుగా పనిచేసిన మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పెళ్లి చేసుకోలేదు. తాత తండ్రులు కూడబెట్టినవి, తాను కొన్నవి కలిపి ఇల్లంతా కళాఖండాలతో నింపి 1949లో కన్నుమూశారు. 1951 డిసెంబరు 16న నెహ్రూ ఆ ప్రదర్శనశాలను ప్రారంభించారు. 1968లో అది ఇప్పుడున్న భవనానికి మారింది. శుక్రవారం సెలవు. ఆ సంగతి తెలియక గేటు దాకా వెళ్లి తిరిగి వచ్చేవారున్నారు.

లోపల అన్నీ చూడాలనుకుంటే కాళ్లు పడిపోతాయి. పిల్లలున్నవారికి మూడు చాలు. మొదటిది పాలరాతి రెబెకా. ఇటలీ శిల్పి బెంజోని చెక్కింది. ముఖం మీది మేలిముసుగు కూడా రాయే, అయినా లోపలి ముఖం కనిపిస్తున్నట్టే ఉంటుంది. రెండోది ఒకే కొయ్యలో వెనకా ముందూ చెక్కిన రెండు బొమ్మలు. ఎదుట నిలబడితే పొగరుబోతు మగవాడు, వెనకనున్న అద్దంలో చూస్తే తల వంచుకున్న పడుచు. మూడోది గంటల గడియారం. గంట కొట్టే వేళకు జనం దాని ముందు చేరి కూర్చుంటారు. చిన్న తలుపు తీసుకుని గడ్డపు మనిషి బయటికి వస్తాడు, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతాడు. పక్కన ఒక కమ్మరి సెకనుకో దెబ్బ చొప్పున సుత్తి ఆడిస్తూనే ఉంటాడు. పిల్లలు గడ్డపాయనను చూస్తారు. కమ్మరిని మాత్రం పెద్దలే చూపించాలి.

అక్కడి నుంచి మాదాపూర్‌లోని శిల్పారామానికి ఇప్పుడు మెట్రో రైలు ఉంది. బస్ స్టేషన్ దగ్గరే ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, హైటెక్ సిటీలో దిగాలి. అద్దాల మేడల నడుమ ఒక పల్లెను కట్టి పెట్టినట్టుంటుంది. దేశం నలుమూలల చేతిపనివారు అక్కడ దుకాణాలు పెడతారు. అసలు చూడవలసింది దాని లోపలి పల్లె మ్యూజియం. పూరిళ్లు, వాటి ముందు పనిలో ఉన్న నిలువెత్తు బొమ్మలు. "మన ఊరు చూడడానికి మనం టికెట్ కొనాలా?" అని ఎవరైనా నవ్వవచ్చు. ఈ విలేఖరీ అలాగే నవ్వుకుంటూ లోపలికి వెళ్లాడు.

చండూరు వైపు నుంచి వచ్చిన ఒక నేత కుటుంబం అక్కడ కనిపించింది. తండ్రి, తల్లి, ఆరేడేళ్ల పాప, డెబ్బయి దాటిన అవ్వ. పాప మగ్గం ముందు ఆగి "ఇది నడుస్తదా?" అని అడిగింది. వాళ్లింట్లో మగ్గం తీసేసి ఎన్నో ఏళ్లయిందట. తండ్రి ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు. అవ్వ ముందుకొచ్చింది.

"బొమ్మకు చెయ్యి ఆడదు గద బిడ్డా. నేను చూపిస్త చూడు" అని నేల మీదనే కూర్చుని చేయి గాలిలో తిప్పసాగింది. అది ఆసు పోయడం. మన వైపు చిటికీ చీరకు రంగులద్దే ముందు నూలును అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ చేత్తో తిప్పుతూ పోయాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9 వేల సార్లు ఆడాలి. ఇది ఆడవాళ్ల పని. భుజాలు పడిపోయే ఈ పనిలో తల్లి పడే బాధ చూడలేకనే చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం రాకముందు ఆ 9 వేలూ లెక్కపెట్టకుండా పోసిన చేతులలో ఈ అవ్వ చేయి ఒకటి.

అవ్వ చుట్టూ జనం చేరారు. పట్నం ఆడవాళ్లు కొందరు ఆగి, మళ్లీ చూపించమని అడిగారు. పాప ఎదురుగా కూర్చుని అవ్వతో పాటే చేయి తిప్పింది. ఇరవై సార్లు తిప్పేసరికి "నొస్తుంది" అన్నది. "మరి!" అన్నది అవ్వ.

ఆ పూట తండ్రి మాట్లాడింది తక్కువ. ఇకత్ దుకాణం దగ్గర ఒక చీర అంచు వేళ్లతో పట్టుకుని చూసి, ధర అడగకుండా వదిలేశాడు.

వెళ్లేముందు పాప కుమ్మరి సారె దగ్గర ఆగింది. డబ్బు తీసుకుని పిల్లల చేత మట్టి ముట్టించే కుమ్మరి అక్కడున్నాడు. పాప చేతుల మీద తన చేతులు వేసి చిన్న ముంత చేయించాడు. "మన ఊరి కుమ్మరాయన సారె ఏమైందే?" అని కోడలిని అవ్వ అడిగింది. ఆమెకూ తెలియదు.

సాయంత్రం వారూ ఈ విలేఖరీ ఒకే బస్సు ఎక్కడం తటస్థించింది. పాప ఒళ్లో పచ్చి ముంత, కాగితంలో చుట్టి. చౌటుప్పల్ దాటాక రోడ్డు గతుకుకు అది రెండుగా విడిపోయింది. పాప ఏడవలేదు. పచ్చిమట్టే గదా, నీళ్లు పోస్తే మళ్లీ కలుస్తదని అవ్వ చెప్పింది. రెండు ముక్కలూ అవ్వ కొంగులో మూటకట్టించి, పాప ఆ మూట మీదనే తల పెట్టుకుని నిద్రపోయింది.