పువ్వు ఏల వాడును?

నేను బడిపంతులుగా నున్న కాలమున ఒక బాలుడు నన్నిట్లడిగెను: "అయ్యవారూ! పాదునిండ నీరు పోసితిమి గదా, తెల్లవారి విచ్చిన పువ్వు సాయంకాలమునకే యేల ముడుచుకొన్నది?" "ఎండకు తాళలేక" యని చెప్పి వానిని పంపివేసితిని. ఆ యుత్తరము చాలదని ఉద్యోగము విడిచిన పిమ్మటనే నాకు తెలియవచ్చినది. ఆ బాకిని నేడు తీర్చుకొనుచున్నాను.

జపాను దేశమున అసగావో యను తీగను ముచ్చటగా పెంతురు. 'ఉదయముఖము' అని ఆ మాటకు అర్థము. మన చిలగడదుంప తీగకు ఇది దాయాది. దీని పువ్వు వేకువను విచ్చి ఆనాడే వాడిపోవును. 2014వ సంవత్సరమున ఆ దేశపు శాస్త్రజ్ఞులు ఇందులకు మూలమైన జన్యువు నొకదానిని కనుగొని, దానికి ఎఫిమెరల్-1 అని పేరిడిరి. జన్యువనగా విత్తనముతో వంశానుగతముగా వచ్చు ఆజ్ఞాపత్రమని తలపుడు.

ఆ యాజ్ఞచొప్పున రేకులోని కణములు ఒక మాంసకృత్తును తయారుచేయును. మాంసకృత్తులనగా మన కండలను నిర్మించునవి. కందిపప్పున నుండునవియు నవియే. అయితే ఈ మాంసకృత్తు గ్రామమున దండోరా వేయువాని వంటిది. ఇది తక్కిన జన్యువులను మేల్కొలుపగా, రేకులోని కణములు తమ కట్టడమును తామే విప్పుకొన మొదలిడును. పాత మాంసకృత్తులు తునుకలగును. వాని సారములో కొంత మొక్కయందలి యితర భాగములకు మరలిపోవును. పని తీరిన పందిరిని విప్పి, వాసములను ఇంటికి చేర్చుకొను సంసారి వలెనే మొక్కయు వర్తించుచున్నది.

ఆ జన్యువును అణచి చూడగా, సుమారు 13 గంటలకే వాడనారంభించు పువ్వు 24 గంటల వఱకు నిలిచినది. మఱునాటి యుదయమున నిన్నటి పువ్వును నేటి పువ్వును ఒకే తీగపై కానవచ్చెను. నీరు అదియే, వెలుతురు అదియే. తగ్గినది ఆ మాంసకృత్తు మాత్రమే.

అన్ని పువ్వులకును ఆజ్ఞ ఒకే త్రోవను రాదు. కార్నేషను పువ్వునకు ఇథిలీను అను వాయువు వలన వచ్చును. పండ్లు మాగునపుడు వెలువడునదియు ఆ వాయువే. కావున అట్టి పువ్వులను మాగుచున్న అరటిగెల చెంత నుంచరాదు. నీరు చాలకున్నను, ఎండ ముదిరినను పువ్వు త్వరగా వాడుననుట నిజమే; కాని నీడను నీటిలో నుంచినను గడువు తీరిన పువ్వు వాడక మానదు.

మీ మనుమడు ఇట్టి ప్రశ్న వేసినచో, నావలె నేరమంతయు ఎండమీదికి నెట్టకుడు.